పది రూపాయల చీటీకి పర్మిట్ ఎవరివ్వాలి?

(రాజాజీ స్మరణలో హోసూరులో చేసిన ఉపన్యాస పాఠం)



రాజాజీ పేరు మీద జరిగే సభల్లో ఆయన రామాయణ భారతాల గురించో, గవర్నర్ జనరల్ పదవి గురించో, స్వతంత్ర పార్టీ గురించో మాట్లాడటం రివాజు. ఆ పని నాకంటే బాగా చేయగలవాళ్లు ఈ సభలోనే ఉన్నారు. నేను స్థానిక సంస్థల పద్దులు తనిఖీ చేసి రిటైరైనవాణ్ణి. నా కళ్లకు రాజాజీ ముందుగా సేలం మున్సిపల్ ఛైర్మన్‌గానే కనిపిస్తారు. మన పక్కనున్న తొరపల్లిలో 1878 డిసెంబరు 10న పుట్టి, హోసూరు బడిలో చదివి, వకీలైన ఆయన 1917 నుంచి 1919 దాకా సేలం పురపాలక సంఘాన్ని నడిపారు. కుళాయిలూ కాలువలూ చూసుకునే కుర్చీ అది. పెద్ద రాజకీయాల్లోకి ఆయన నడిచి వెళ్లిన దారిలో ఆ కుర్చీ ఉందన్న సంగతి మనం తరచూ మరిచిపోతాం.

1937లో ఆయన మద్రాసు రాష్ట్ర ప్రధాని అయ్యారు. ముఖ్యమంత్రిని అప్పుడలాగే పిలిచేవారు. ఆ ఏడాది అక్టోబరు 1న మద్యనిషేధం మొట్టమొదట అమలైంది సేలం జిల్లాలో. హోసూరూ కృష్ణగిరీ అప్పుడా జిల్లాలోవే. కల్లు, సారా పాటల మీద వచ్చే రాబడి పోతే ఖజానా గతేమిటని అడిగినవాళ్లకు 1939లో అమ్మకం పన్ను రూపంలో జవాబు దొరికింది. దేశంలో సాధారణ అమ్మకం పన్నుకు అదే మొదలు. నిషేధం మంచిదా కాదా అన్న వాదంలోకి ఈ రోజు దిగను. జనం బలహీనత మీద వచ్చే డబ్బు వద్దనుకున్న సర్కారు, దాని బదులు డబ్బు ఎక్కణ్ణుంచి తేవాలో కూడా తానే చెప్పుకుంది. నేను పట్టుకోదలచింది అదొక్కటే. లాటరీల విషయంలో ఆ మర్యాద ఎవరూ పాటించలేదు.

నా అంశం చిన్నది. ఒక పల్లె బడికి రెండు గదులు కావాలి. ఒక గుడి తేరుకి చక్రాలు మార్చాలి. పేదింటి కుర్రాడికి ఆపరేషన్ చేయించాలి. ఊళ్లో నలుగురు కూడి పది రూపాయల చీటీ పుస్తకాలు అచ్చు వేయిస్తారు. మొదటి బహుమతి బైకు, రెండోది ఫ్రిజ్, తర్వాత మిక్సీలు, కుక్కర్లు, ఆఖరున ఇరవై మందికి స్టీలు డబ్బాలు. మనం లక్కీ డ్రా అంటాం, పక్కింటి తమిళులు కులుక్కల్ అంటారు. పేరేదైనా పని ఒకటే: పదిమంది దగ్గర తలా కొంచెం తీసుకుని, అందులో కొంత అదృష్టవంతుడికిచ్చి, మిగిలింది మంచి పనికి వాడటం.

దీనికి అనుమతి ఎవరివ్వాలి? హోసూరు కార్పొరేషన్ ఇవ్వలేదు. కృష్ణగిరి మున్సిపాలిటీ ఇవ్వలేదు. కలెక్టరు తనంతట తాను ఇవ్వలేరు. పాత శిక్షాస్మృతిలో 294ఎ అని ఒక సెక్షన్ ఉండేది. 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో అది 297. రాష్ట్ర ప్రభుత్వం నడిపేదో, రాష్ట్ర ప్రభుత్వం అనుమతించినదో కాని లాటరీ తీయడానికి చోటు పెట్టినవాడికి ఆరు నెలల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. అలాంటి లాటరీ ప్రకటన వేసినవాడికి కూడా జరిమానా ఉంది. పాత చట్టంలో అది వెయ్యి రూపాయల దాకా, కొత్తదాంట్లో అయిదు వేల దాకా. అంటే గుడి గోడకు పోస్టరంటించిన కుర్రాడు సైతం ఆ సెక్షన్ కిందికే వస్తాడు. అది బడి గదుల కోసమా, జేబు నింపుకోవడానికా అని ఆ సెక్షన్ అడగదు.

నిజానికి ఎవరూ అరెస్టు చేయరు. పోలీసువారు చూసీ చూడనట్టు ఊరుకుంటారు. ఊరుకున్నందుకు ఎవరికేం ముడుతుందో నేను చెప్పక్కర్లేదు. ఆడిటర్‌గా నా అభ్యంతరం సరిగ్గా ఇక్కడే. చట్టం కళ్లు మూసుకున్నచోట రసీదు పుట్టదు. ఎన్ని చీటీలు అచ్చయ్యాయి, ఎన్ని అమ్ముడుపోయాయి, బడికి ఎంత చేరింది? ఏ కాగితమూ చెప్పదు.

ఈ చట్టానికి ముందున్న కథ వినదగినది. కలకత్తా టౌన్ హాలు 1813లో పూర్తయింది లాటరీ డబ్బుతోనే. తర్వాత 1817 నుంచి 1836 వరకు అక్కడ లాటరీ కమిటీ అనే సంస్థే ఉండేది. స్ట్రాండ్ రోడ్డు, కార్న్‌వాలిస్ వీధి, చెరువులు, పార్కులు ఆ కమిటీ వేసినవే. మున్సిపాలిటీ ఇంకా గట్టిగా నిలదొక్కుకోని రోజుల్లో నగరం కట్టింది టికెట్ల డబ్బు! ఇంగ్లండులో జనాభిప్రాయం లాటరీకి ఎదురు తిరిగి 1826లో అక్కడి ప్రభుత్వ లాటరీ ఆగిపోయాక, ఇక్కడా ఆ గాలి వీచింది. 1844లో సర్కారు అనుమతి లేని లాటరీలన్నిటినీ నిషేధిస్తూ చట్టం వచ్చింది. 1870లో ఆ నిషేధం శిక్షాస్మృతిలోకి 294ఎగా చేరింది. అనుమతి సర్కారు చేతిలోనే మిగిలింది. నగరాల చేతికి మళ్లీ రాలేదు.

స్వాతంత్ర్యం తర్వాత రాష్ట్రాలు ఆ అనుమతిని ఎవరికీ ఇవ్వకుండా తామే వాడుకోవడం మొదలుపెట్టాయి. కేరళ 1967లో లాటరీ శాఖ పెట్టి, 1968 జనవరి 26న తొలి డ్రా తీసింది. టికెట్టు రూపాయి, మొదటి బహుమతి 50,000. అదే 1968లో అణ్ణాదురై ప్రభుత్వం తమిళనాడు పరిసుచ్చీట్టు అనే లాటరీ తెచ్చింది. తగిలితే నీ ఇంటికి, తగలకపోతే నాడుకి అన్న ప్రచారం మన పెద్దలకు ఇంకా గుర్తుండే ఉంటుంది. ఎంత చక్కని బేరమో చూడండి: ఓడినవాడికి కూడా దానం చేసిన పుణ్యం! తొంభై ఏళ్ల వయసులో రాజాజీ ఇది కూడా చూశారు. సారా రాబడి వదులుకోవడానికి అమ్మకం పన్ను వెతికిన రాష్ట్రమే, ముప్పై ఏళ్లు తిరక్కముందే పేదవాడి ఆశ మీద రాబడి వెతికింది.

తర్వాతి కథ మీకు తెలుసు. సిక్కిం టికెట్లు, భూటాన్ టికెట్లు, బస్టాండుల్లో మైకులు. కూలి డబ్బంతా సాయంత్రానికి చీటీలైపోయిన ఇళ్లు. 2003 జనవరిలో జయలలిత ప్రభుత్వం లాటరీలన్నిటినీ ఆపేసింది. 1999లో బి.ఆర్. ఎంటర్‌ప్రైజెస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది కూడా అదే: పక్క రాష్ట్రాల లాటరీలు ఆపాలనుకుంటే నీది కూడా ఆపుకోవాలి. ఆ నిషేధం మంచి పనే. ఇప్పటికీ నా మాట అదే. దాన్ని ఎత్తేయాలని ఎవరైనా అంటే మొదట ఎదురు చెప్పేవాళ్లలో నేనుంటాను.

కానీ సరిహద్దు ఊరివాళ్లకు నిషేధమంటే ఏమిటో బాగా తెలుసు. కర్ణాటకలో లాటరీలు 2007 దాకా ఆగలేదు. అంటే నాలుగేళ్ల పైచిలుకు జూజువాడి ఇవతల నేరం, అత్తిబెలె అవతల వ్యాపారం. ఈ సరిహద్దు ఆట కొత్తదేం కాదు. 1950ల్లో బెంగళూరులో అచ్చయ్యే ‘స్పోర్టింగ్ స్టార్’ పత్రికలో పదబంధాల పోటీలు పెట్టి బొంబాయి జనం దగ్గర డబ్బు వసూలు చేసిన చమర్‌బాగ్‌వాలా కంపెనీ కేసు 1957లో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. జూదం వ్యాపారం కాదు, దానికి వ్యాపార స్వేచ్ఛ రక్షణ లేదు అని ఆ తీర్పు చెప్పింది. న్యాయవాదులు ఇప్పటికీ మొదట పట్టుకునేది ఆ కేసునే. పత్రిక బెంగళూరుది, డబ్బు బొంబాయిది. అందుకే ఆ పోటీల మీద బొంబాయి పన్ను వేయవచ్చని కూడా కోర్టు ఒప్పుకుంది.

ఇప్పుడు మన వీధుల్లో ఉన్నది మూడు నంబర్ల ఆట. టికెట్టే ఉండదు. మధ్యాహ్నం కేరళ ఫలితం రాగానే దాని చివరి అంకెల మీద పందెం. చిత్తు కాగితం మీదో, వాట్సాప్‌లోనో లెక్క. ఎవరో ఒకరు పట్టుబడ్డారన్న వార్త జిల్లా పేజీల్లో తరచూ కనిపిస్తుంది. నిషేధం ఈ ఆటను పుట్టించిందని నేననను. నిషేధం తర్వాత మిగిలిన ఖాళీలో ఇది పెరిగిందంటాను.

మన రాష్ట్రానికి ఇంకో చట్టం కూడా ఉంది, 1979 నాటి బహుమతి పథకాల నిషేధ చట్టం. సరుకు కొన్నవాళ్లలో చీటీ తీసి బహుమతులివ్వడం దాని కింద నేరం. టీవీలో సబ్బుల కంపెనీ, టీ పొడి కంపెనీ కారు బహుమతి ప్రకటించి, అడుగున చీమ తలకాయంత అక్షరాలతో తమిళనాడుకు వర్తించదని వేయడం మీరు చూసే ఉంటారు. బెంగళూరులో వచ్చే కారు హోసూరులో రాకపోవడానికి కారణమదే. వ్యాపారి ఎర వేయకూడదన్న ఆ చట్టంతో నాకు పేచీ లేదు. 1978 నాటి కేంద్ర ప్రైజ్ చిట్స్ నిషేధ చట్టం మాత్రం ఒక కిటికీ తెరిచి ఉంచింది. రిజర్వు బ్యాంకును సంప్రదించి రాష్ట్రం ప్రకటించిన ధర్మ సంస్థలకు, విద్యా సంస్థలకు ఆ నిషేధం వర్తించదు. మంచి పనికీ మోసానికీ తేడా ఉందని మన శాసనకర్తలకు తెలుసన్నమాట. కాకపోతే ఆ కిటికీ దగ్గరికి వెళ్లాలంటే ముంబైలోని బ్యాంకును కూడా లేపాలి. పల్లె బడి హెడ్‌మాస్టరు అక్కడిదాకా పోగలడా?

ఊరి పాలకుల చేతిలో ఏముందో ఒకసారి చూద్దాం. 74వ సవరణతో వచ్చిన పన్నెండో షెడ్యూల్లో మున్సిపాలిటీకి అప్పగించదగ్గ అంశాలు 18. శ్మశానాలున్నాయి, కబేళాలున్నాయి, బందెల దొడ్లున్నాయి. దానాల కోసం చీటీలు లేవు. 2016లో జీఎస్టీ కోసం రాజ్యాంగాన్ని మార్చినప్పుడు రాష్ట్ర జాబితాలోని 62వ అంశాన్ని తిరగరాశారు. వినోదం మీద స్థానిక సంస్థలు వేసుకునే పన్ను మటుకు మిగిల్చి, పందాలు జూదాల మీద పన్నును అక్కణ్ణుంచి తీసేశారు. ఇప్పుడు లాటరీల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 40 శాతం. అడ్డుకట్ట పైనుంచి, రాబడి పైకి. కిందనున్నవాళ్లకు రెండూ లేవు.

ఇంతకీ మన మనవళ్లూ మనవరాళ్లూ ఉన్న ఊళ్లలో ఏం జరుగుతోంది? న్యూజెర్సీలో ఎడిసన్ అనే ఊరుంది. తెలుగువాళ్లు ఎంతమంది ఉన్నారంటే అక్కడి కిరాణా కొట్లో గోంగూర అడిగితే ఎవరూ వింతగా చూడరు. ఆ రాష్ట్రంలో 1953లో రాజ్యాంగం సవరించి, 1954లో రాఫుల్ (అక్కడి లక్కీ డ్రా) లైసెన్సు చట్టం తెచ్చారు. దాని పద్ధతి నాకు చాలా నచ్చింది. మొదట, ఏ ఊళ్లోనైనా ఇలాంటి చీటీలు ఉండాలో వద్దో ఆ ఊరి ఓటర్లే ఓటేసి తేల్చాలి. ఒప్పుకున్న ఊళ్లో లాభాపేక్ష లేని సంస్థ ముందు రాష్ట్ర నియంత్రణ సంఘం దగ్గర పేరు నమోదు చేయించుకుని ఒక గుర్తింపు సంఖ్య తెచ్చుకుంటుంది. ఆ సంఖ్యతో ఊరి మున్సిపల్ క్లర్కు దగ్గరికి వెళ్లి, ఏ తేదీన, ఏ బహుమతులతో, ఎందుకోసం డ్రా తీస్తుందో రాసి అర్జీ పెడుతుంది. లైసెన్సు ఇచ్చేది ఊరి పాలకవర్గం. నికర రాబడి మొత్తం చదువుకో, ధర్మానికో, ఆరాధనకో, ప్రజాహిత పనికో చేరాలి. డ్రా అయ్యాక లెక్క దాఖలు చేయాలి. రాష్ట్రం నియమాలు చూసుకుంటుంది, ఊరు మనుషుల్ని చూసుకుంటుంది. ఈ రెండు పనులు వేరు. మనం రెండింటినీ చెన్నైకి కట్టబెట్టి, చెన్నై ఏదీ చేయకపోతే ఆశ్చర్యపోతున్నాం.

మనకు 294ఎ ఇచ్చిన బ్రిటనే ఇప్పుడు చిన్న సంఘాల లాటరీలను స్థానిక కౌన్సిల్ దగ్గర నమోదు చేయిస్తోంది. రుసుము మొదట 40 పౌండ్లు, తర్వాత ఏటా 20. ఒక డ్రాలో టికెట్ల అమ్మకం 20,000 పౌండ్లు దాటకూడదు, ఏడాది మొత్తం రెండున్నర లక్షలు దాటకూడదు, కనీసం అయిదో వంతు మంచి పనికి పోవాలి. ఒకే చోట అప్పటికప్పుడు తీసేసే జాతర రాఫుల్‌కైతే నమోదు కూడా అక్కర్లేదు. కెనడాలో ఒంటారియో రాష్ట్రంలో సైతం చిన్న బహుమతుల రాఫుల్ లైసెన్సు మున్సిపాలిటీదే. తానిచ్చిన సంకెళ్లను తాను తీసేసుకున్న దొరవారిని చూసి మనం అవే మరింత బిగించుకోవడం నాకు కాస్త నవ్వు తెప్పిస్తుంది.

ఇక్కడ ఒకరు లేచి అడగవచ్చు. ధర్మం పేరిట మూడు నంబర్ల ఆట మళ్లీ దొడ్డిదారిన రాదా అని. రావచ్చు. లాటరీ డబ్బు ఎంత దూరం పోతుందో మనం చూశాం. కోయంబత్తూరు చిరునామాతో ఉన్న ఫ్యూచర్ గేమింగ్ అనే లాటరీ కంపెనీ 1,368 కోట్ల రూపాయల ఎన్నికల బాండ్లు కొన్నదని 2024 మార్చిలో బయటికొచ్చింది. బాండ్లు కొన్నవాళ్లందరిలో అదే మొదటి స్థానం. లాటరీ నిషేధం ఉన్న రాష్ట్రంలో కూర్చుని! అందుకే నేనడిగేది లాటరీ కాదు. రోజువారీ డ్రా వద్దు, ఏజెంటు కమిషను వద్దు, నగదు బహుమతి వద్దు, ఆన్‌లైన్ అసలే వద్దు. చీటీ ఆ మున్సిపాలిటీ హద్దు దాటి అమ్మకూడదు. 1998 నాటి లాటరీల నియంత్రణ చట్టం మాట్లాడేది రాష్ట్రాలు నడిపే లాటరీల గురించి. ఊరి ధర్మచీటీకి తలుపు తెరిచినంత మాత్రాన సిక్కిం టికెట్టుకు తెరిచినట్టు కాదని నేను చదువుకున్నాను. న్యాయవాదులు కాదంటే వింటాను.

రెండో అభ్యంతరం నాకు ఇంకా బరువైనది. లైసెన్సంటే ఇంకో బల్ల, బల్ల కింద ఇంకో చేయి. నిజమే. నలభై ఏళ్లనాటి ఫైళ్లు తిరగేసినవాణ్ణి, కాదని ఎలా అంటాను? కానీ లైసెన్సు లేనప్పుడు కూడా ఆ చేయి ఉంది, బల్ల మాత్రమే లేదు. బల్ల ఉంటే కనీసం రిజిస్టరుంటుంది.

మరో పోలిక చెప్పాలనిపిస్తోంది. హైదరాబాదులో బాలాపూర్ గణేశుడి లడ్డూ వేలం 1994లో 450 రూపాయలతో మొదలై 2024లో 30 లక్షల ఒక వేయి దాకా పోయింది. వేలానికి ఏ లైసెన్సూ అక్కర్లేదు, అది జూదం కాదు కనుక. కోటీశ్వరుడు లడ్డూ గెలిచి ఊరేగితే భక్తి. పూల తోటలో కూలికి పోయే మనిషి పది రూపాయలిచ్చి, బడికి సాయం చేస్తూనే ఒక కుక్కరు రావచ్చని ఆశపడితే 297వ సెక్షన్. ఉన్నవాడి దానానికి పేరుంది, లేనివాడి దానానికి చట్టమే అడ్డం. లడ్డూ వేలం మీద నాకు కోపం లేదు. ఈ తేడా మీద ఉంది.

అనుమతి ఎక్కడో ఉండటం వల్ల ఊళ్లో ఏం జరుగుతుందో మనం వేరే విషయంలో కళ్లారా చూశాం. 2023 ఫిబ్రవరి 2న మన హోసూరు దగ్గరి గోపసంద్రంలో ఎడ్ల పండగ అనుమతి కాగితం సమయానికి చేతికి రాక జనం జాతీయ రహదారి మీద కూర్చున్నారు. రాళ్లు పడ్డాయి, లాఠీలు లేచాయి, బస్సుల అద్దాలు పగిలాయి. తప్పు ఎవరిదో ఇక్కడ తేల్చబోవడం లేదు. పండగ ఊరిదైతే, కాగితం ఊరికి అందేంత దూరంలో ఉండాలని మాత్రం అంటున్నాను.

చీటీ తీసి తేల్చుకోవడం మన పాలనకు పరాయిది కూడా కాదు. పదో శతాబ్దంలో ఉత్తరమేరూరులో ఊరి సభ్యుల పేర్లు తాటాకుల మీద రాసి, కుండలో వేసి, పసివాడి చేత తీయించేవారని మొదటి పరాంతకుడి కాలం శాసనం ఉంది. ఇప్పుడు కూడా మున్సిపల్ ఎన్నికల్లో ఓట్లు సమానమైతే అధికారి చీటీయే తీస్తారు. హౌసింగ్ బోర్డు ఇళ్లు కులుక్కల్‌లోనే వస్తాయి. విద్యాహక్కు చట్టం కింద ప్రైవేటు బడిలో సీట్లు అర్జీదారులు ఎక్కువైతే చీటీలోనే తేలతాయి. కౌన్సిలరును చీటీతో ఎన్నుకోవడానికి నమ్మే చట్టం, ఫ్రిజ్ ఎవరికో చీటీతో తేల్చడానికి మనల్ని నమ్మడం లేదు.

ఇక పని మాట. 2019లో కార్పొరేషన్ అయిన హోసూరు కౌన్సిల్ ఒక తీర్మానం చేయవచ్చు. చట్టం మార్చే అధికారం దానికి లేదు, కోరే అధికారం ఉంది. రాష్ట్ర ప్రభుత్వం లాటరీకి అనుమతి ఇవ్వగలదని 297వ సెక్షనే ఒప్పుకుంటోంది కనుక, ధర్మచీటీల అనుమతిని ఒక పరిమితి లోపల స్థానిక సంస్థల ద్వారా ఇచ్చేలా నియమాలు చేయమని అడగాలి. కృష్ణగిరి కూడా అడిగితే జిల్లా గొంతు అవుతుంది. తీర్మానంలో ఏముండాలో నా వృత్తి నాకు చెప్పిన రెండు సంగతులు చెప్పి కూర్చుంటాను.

చీటీల మీద సంస్థ పేరు, ధర, డ్రా తేదీ, మొత్తం ఎన్ని అచ్చయ్యాయన్న సంఖ్య ఉండాలి. ప్రతి పుస్తకం మీద అమ్మకానికి ముందే మున్సిపల్ ముద్ర పడాలి. ఇది మొదటిది, తేలికైనది. రెండోదే అసలుది. చీటీల మోసం చాలావరకు అమ్ముడుపోని చీటీల్లో ఉంటుంది. పదివేలు అచ్చు వేసి ఆరువేలు అమ్మి, డబ్బాలో మాత్రం పదివేలూ వేస్తారు. బైకు నిర్వాహకుడి బావమరిది పేర వస్తుంది. అందుకని డ్రాకు ముందు రోజు సాయంత్రం అయిదు గంటలకల్లా మిగిలిన పుస్తకాలన్నీ కమిషనరు కార్యాలయానికి తిరిగి రావాలి. అక్కడ లెక్కపెట్టి, అడ్డంగా కోసి, ఆ సంఖ్యను నోటీసు బోర్డు మీద పెట్టాలి. డ్రాలో పడేవి అమ్ముడుపోయిన చీటీల కౌంటర్‌ఫాయిళ్లు మాత్రమే. డ్రా జరిగిన నెల లోపల ఖర్చుల పద్దు, బహుమతి అందుకున్నవాళ్ల సంతకాలు, బడికో గుడికో చేరిన మొత్తానికి రసీదు దాఖలు చేయాలి. అవి దాఖలు చేయని సంస్థకు మళ్లీ అనుమతి ఇవ్వకూడదు. వార్డు మెంబరు చుట్టమైనా సరే.